సూదిబెజ్జాన్ని మనమే వెడల్పు చేసుకున్నాం

చాలా ఏళ్లు నేను సండే స్కూల్లో పాఠాలు చెప్పాను. ఆస్తి అమ్మి బీదలకిమ్మంటే దుఃఖపడి వెళ్లిపోయిన ఒక ధనవంతుడి గురించి యేసు, ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడం కంటే ఒంటె సూదిబెజ్జంలో దూరడం సులభం అన్నాడు. ఆ ధనవంతుడు, ఒంటె పాఠం వచ్చిన ప్రతిసారీ బోర్డు మీద ఒక కోటగోడ గీసేదాన్ని. గోడలో ఒక పెద్ద తలుపు, దాని పక్కన ఒక చిన్న గుమ్మం. రాత్రయితే పెద్ద తలుపు మూసేస్తారని, ఆలస్యంగా వచ్చిన ఒంటె ఆ చిన్న గుమ్మంలోంచి రావాలంటే వీపు మీది మూటలన్నీ దించేసి, మోకాళ్ల మీద పాకుతూ దూరాలని, ఆ గుమ్మం పేరే 'సూదిబెజ్జం' అని చెప్పేదాన్ని. పిల్లలకి ఎంతో నచ్చేది. బెంచీల మధ్య మోకాళ్ల మీద నడిచి చూపించేవాళ్లు.

ఈమధ్య అలా నా దగ్గర చదువుకున్న ఒకబ్బాయి ఫోన్ చేశాడు. ఇప్పుడు వ్యాపారంలో బాగా స్థిరపడ్డాడు. ఏదో కూటంలో సాక్ష్యం చెప్పమంటే నా పాఠం గురించి చెప్పాడట. "డబ్బు వస్తున్నకొద్దీ ఆ వాక్యం చదవాలంటే టెన్షన్‌గా ఉండేది టీచర్. మీరు గీసిన గుమ్మం గుర్తొచ్చి మనసు తేలికపడింది. మోకాళ్ల మీద ఉంటే చాలు, దూరిపోవచ్చు కదా" అన్నాడు. ఎంతో కృతజ్ఞతతో అన్నాడు. నేను "మంచిది నాన్నా" అని పెట్టేశాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యెరూషలేములో అలాంటి గుమ్మం ఉండేదనడానికి ఆధారమే లేదని నాకు తెలిసి అప్పటికే కొన్నేళ్లయింది. తెలిశాక బొమ్మ గీయడం మానేశాను, అంతే. అంతకుముందు నేర్చుకున్నవాళ్లలో ఒక్కరికి కూడా చెప్పలేదు. ఇంకొక సంగతి కూడా నన్ను వేధించింది. ఆ అబ్బాయికి మోకాళ్లు గుర్తున్నాయి. మూటలు దించడం గుర్తులేదు.

గుమ్మం కథ ఎక్కడిది

యెరూషలేము గుమ్మాల పేర్లు బైబిల్లోనే బోలెడన్ని ఉన్నాయి. నెహెమ్యా 3వ అధ్యాయం తీస్తే గొఱ్ఱెల గుమ్మం, మత్స్యపు గుమ్మం, పెంట గుమ్మం, నీటి గుమ్మం, గుఱ్ఱపు గుమ్మం వరసగా కనబడతాయి. సూదిబెజ్జపు గుమ్మం అక్కడ లేదు, బైబిల్లో ఇంకెక్కడా లేదు. తవ్వకాల్లోనూ దొరకలేదు. యేసు కాలంనాటి నగరాన్ని క్రీ.శ. 70లో రోమీయులు నాశనం చేశారు. ఈ కథ మాత్రం ఆ తర్వాత ఎన్నో వందల ఏళ్లకి పుస్తకాల్లోకి వచ్చింది. 13వ శతాబ్దంలో క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్ సువార్తల మీద పూర్వికుల వ్యాఖ్యానాలన్నీ ఒకచోట కూర్చినప్పుడు, అన్సెల్మ్ అనే పూర్వపు పండితుడి పేరుతో ఈ గుమ్మం మాట అందులో చేరింది. మూటలు దించడం, మోకాళ్లు వంచడం రెండూ అక్కడున్నాయి. అంటే నేను బోర్డు మీద గీసింది, ఆ మాట పలికి వెయ్యేళ్లు దాటాక పుట్టిన బొమ్మ.

అయినా ఇది తెలుసుకోవడానికి చరిత్ర పుస్తకాలు అక్కర్లేదు, ఆ వాక్యం కింది వాక్యం చదివితే చాలు. శిష్యులు "మిక్కిలి ఆశ్చర్యపడి, ఆలాగైతే ఎవడు రక్షణ పొందగలడని" అడిగారు. వాళ్లు ఏటా పండుగకి యెరూషలేము వెళ్లొచ్చేవాళ్లు. అక్కడ నిజంగా అలాంటి గుమ్మం ఉండి ఉంటే, మూటలు దించితే ఒంటె దూరుతుందని వాళ్లకి తెలియదా? దానికి అంత బెదిరిపోవడం దేనికి? యేసు ఇచ్చిన జవాబు కూడా "కొంచెం కష్టమేలే" అని కాదు. "ఇది మనుష్యులకు అసాధ్యమే" అన్నాడు.

గ్రీకు మూలంలో ఒక చిన్న విషయం ఉంది. సువార్తల్లో సూదికి మత్తయి, మార్కు రాసిన మాట రాఫిస్. లూకా రాసిన మాట బెలొనే. రెండూ సూదులే. అది ఒక గుమ్మానికి స్థిరపడిన పేరైతే తలా ఒక మాట వాడరు. అయినా దూరలేని చోట పెద్ద జంతువుని దూర్చి చెప్పడం ఆ ప్రాంతపు మాటతీరే. బాబిలోను యూదుల ధర్మవ్యాఖ్యాన గ్రంథం తల్ముదులో ఏనుగు సూదిబెజ్జంలో దూరుతుంది, జరగనిదానికి ఉదాహరణగా. ఖురాన్ ఏడవ సూరా (అధ్యాయం) 40వ వాక్యంలో మళ్లీ ఒంటే. యేసే ఇంకోచోట యూదుల మతపెద్దలైన శాస్త్రులనీ పరిసయ్యులనీ దోమని వడకట్టి ఒంటెని మింగేవాళ్లన్నాడు. ఆ ఒంటె కోసం పెద్ద గొంతు ఎక్కడుందా అని ఎవరూ వెతకరు. ఎందుకంటే ఆ మాట మన జేబు జోలికి రాదు.

ఒంటె కాదు తాడు అనేవాళ్లు కూడా ఉన్నారు. గ్రీకులో ఒంటె కామెలోస్, ఓడల్లో వాడే లావు తాడు కామిలోస్. ఒక్క అచ్చు తేడా. కొన్ని చేతిరాత ప్రతుల్లో నిజంగానే తాడు అని ఉంది, కానీ అవి తర్వాతి కాలంవి. 5వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్ సిరిల్ కూడా తాడనే అర్థం చెప్పాడు. దీని మీద ఎక్కువ మాట్లాడాలని నాకు అనిపించదు. ఓడ తాడు మాత్రం సూదిలో దూరుతుందా? తాడయితే ఒక్కొక్క పోగూ విడదీసి ఎక్కించవచ్చు కదా అని ఒక ప్రసంగంలో విన్నాను. అక్కడ కూడా పని అదే, బెజ్జానికి సరిపోయేలా ఏదో ఒకటి చేయడం.

మనసు అంటుకోకపోతే చాలా?

గుమ్మం, తాడు పక్కన పెట్టగలను. అంత తేలిగ్గా పక్కన పెట్టలేని జవాబు ఒకటుంది. డబ్బు ఉండటం తప్పు కాదు, డబ్బు మీద మనసు ఉండటం తప్పు అనే జవాబు.

ఇది నిన్న మొన్నటిది కాదు. క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో క్లెమెంట్ అనే పండితుడు 'రక్షణ పొందే ధనవంతుడు ఎవరు' అనే ప్రశ్న మీద ఒక ప్రసంగమే రాశాడు. అమ్మెయ్యమన్నది ఆస్తిని కాదు, ఆస్తి గురించి లోపలున్న ఆశనీ దిగులునీ అని అతని వాదం. అన్నీ పారేసి, పారేసినవాటి కోసమే రాత్రీ పగలూ కుమిలిపోయేవాడికి ఏం ఒరిగింది అంటాడు. ఎవరి దగ్గరా ఏమీ లేకపోతే ఆకలిగొన్నవాడికి అన్నం ఎవరు పెడతారు, బట్టల్లేనివాడికి బట్టలెవరిస్తారు అని అడుగుతాడు. దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. యేసుకీ శిష్యులకీ తమ ఆస్తితో ఉపచారం చేసిన స్త్రీలు లూకా 8లో ఉన్నారు. ఆయన దేహానికి సమాధి ఇచ్చిన అరిమతయియ యోసేపు ధనవంతుడని మత్తయే రాశాడు. వాళ్లని బయట నిలబెట్టి తలుపు వేయగల ధైర్యం నాకు లేదు.

మార్కు 10:24 కూడా ఈ వాదానికి బలమిస్తుంది. "తమ ఆస్తియందు నమ్మికయుంచువారు" దేవుని రాజ్యంలో ప్రవేశించడం దుర్లభమని మన తెలుగు బైబిల్లో ఉంది. చూశారా, నమ్మిక గురించే అన్నాడు అంటారు. కానీ సినాయి ప్రతి, వాటికన్ ప్రతి లాంటి బాగా పాత చేతిరాత ప్రతుల్లో ఆ మాటలు లేవు. "పిల్లలారా, దేవుని రాజ్యంలో ప్రవేశించడం ఎంత దుర్లభం" అనే ఉంది. రాసుకుంటూ వచ్చిన ఏ లేఖకుడో ఇది మరీ కఠినంగా ఉందే అని ఒక మాట కలిపి ఉంటాడని పండితులు అనుకుంటారు. నేను అతన్ని తప్పుపట్టను. నేను గుమ్మం గీసినప్పుడు చేసింది కూడా అదే.

మనసు అంటుకోకూడదనేది అబద్ధం కాదు. నా ఇబ్బంది వేరు. ఈ ముప్పై ఏళ్లలో ఆ మాట చెప్పుకున్నవాళ్లని ఎందరినో చూశాను, వాళ్లలో నేనూ ఉన్నాను. "నాకు డబ్బు మీద వ్యామోహం ఉంది" అని ఒప్పుకున్నవాళ్లు ఒక్కరు కూడా తగల్లేదు. అందరికీ డబ్బు ఉంది, ఎవరి మనసూ దాని మీద లేదు. లోపల ఏముందో చూసేదీ మనమే, తీర్పు చెప్పుకునేదీ మనమే అయినప్పుడు ఓడిపోయేవాళ్లు ఎవరుంటారు? వాక్యం విన్న ధనవంతుడు "ముఖము చిన్నబుచ్చుకొని, దుఃఖపడుచు" వెళ్లిపోయాడు. వివరణ విన్న మనం నవ్వుకుంటూ ఇంటికి వెళ్తున్నాం. ఎక్కడో ఏదో జారిపోయింది.

నాకు అర్థమైనంతలో జారిపోయింది బీదవాడు. "నీకు కలిగినవన్నియు అమ్మి బీదలకిమ్ము" అన్నది అసలు మాట. మనసు గురించిన వివరణలో నేనున్నాను, నా డబ్బు ఉంది, నా హృదయం ఉంది, దేవుడున్నాడు. బీదవాడు లేడు. అతనికి ఏదైనా చేరిందా లేదా అన్నది ఆ వివరణకి పట్టదు. నేను లోపల ఎంత నిర్లిప్తంగా ఉన్నా అతని కడుపు నిండదు కదా.

మార్కు ఒక్కడే రాసిన మాట

ఈ కథ మూడు సువార్తల్లో ఉంది. మత్తయి అతను యౌవనుడంటాడు, లూకా అధికారి అంటాడు. మార్కు ఆ రెండూ చెప్పడు. కానీ మిగతా ఇద్దరూ రాయని ఒక ఆజ్ఞ రాస్తాడు. నరహత్య చేయవద్దు, వ్యభిచరింపవద్దు, దొంగిలవద్దు, అబద్ధసాక్ష్యము పలుకవద్దు అని వరసగా చెబుతూ, తల్లిదండ్రుల దగ్గరికి వచ్చేముందు "మోసపుచ్చవద్దు" అంటాడు. పది ఆజ్ఞల్లో అది లేదు. అక్కడి గ్రీకు మాటకి ఎదుటివాడికి రావలసింది రానివ్వకుండా చేయడం అని అర్థం. ఆస్తిపరుడితో మాట్లాడుతూ పదింటిలో లేనిదాన్ని ఎందుకు కలిపాడు?

మత్తయి వేరే ఆజ్ఞ కలిపాడు, "నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను" అని. అది లేవీయకాండము 19:18. అక్కడినుంచి ఐదు వచనాలు పైకి వెళ్తే, కూలివాని కూలి మరునాటివరకు నీ దగ్గర ఉంచుకోకూడదని ఉంటుంది. మత్తయి 19లో ధనవంతుడు వెళ్లిపోయాక 20లో వచ్చే ఉపమానం ద్రాక్షతోట కూలీలది. సాయంత్రం కాగానే యజమాని అందరినీ పిలిచి కూలి ఇప్పిస్తాడు. ఇవన్నీ కలిపి చదివినప్పుడు నాకు ఒంటె కథ చుట్టూ కూలి డబ్బులే కనిపించాయి.

నాకు అలా కనిపించడానికి ఒక కారణం ఉంది. మా అమ్మ మంచాన పడ్డ రోజుల్లో ఆమెని చూసుకోవడానికి ఒకామె వచ్చేది. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఒక నెల చివర చేతిలో డబ్బు లేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, గడువు తీరడానికి రెండు వారాలుంది. ముందే తీస్తే వడ్డీ పోతుంది. "ఒక్క రెండు వారాలు ఆగక్కా, మొత్తం ఒకేసారి ఇచ్చేస్తాను" అన్నాను. "అలాగేనమ్మా" అంది. నేను మాట తప్పలేదు, రెండు వారాలకి మొత్తం ఇచ్చేశాను. ఆ డబ్బు తీసుకుంటూ ఆమె మామూలుగా ఒక మాట అంది: "పోనీలేమ్మా, ఈ నెల బయట వడ్డీకి తెచ్చి సర్దుకున్నాను."

నా వడ్డీ పోకూడదని నేను ఆగమన్నాను, ఆమె వడ్డీ కట్టింది. ఆ రెండు ఆదివారాలూ నేను కానుక వేయడం మానలేదు. నాకు డబ్బు మీద వ్యామోహం ఉందని అప్పుడు ఎవరైనా అని ఉంటే బాధపడేదాన్ని. నిజంగానే నాకు ఆ డిపాజిట్ మీద వ్యామోహం ఏమీ లేదు, దాని గురించి రోజూ ఆలోచించేదాన్ని కూడా కాదు. బైబిల్లో యాకోబు తన పత్రికలో, అంటే ఉత్తరంలో, ధనవంతులతో అంటాడు కదా, మీ చేలు కోసిన పనివారి కూలి మీరియ్యక బిగపట్టారు, ఆ కూలి మొఱ్ఱపెడుతోంది అని. మొఱ్ఱపెట్టేది పనివాడు కూడా కాదు, కూలి. యజమాని మనసు ఎలా ఉందో యాకోబు అడగలేదు.

అప్పటివరకూ ధనవంతుడంటే నాకంటే పైన ఎవరో అనుకునేదాన్ని. ఆ అబ్బాయిని అడిగినా తనకంటే పైవాడినే చూపిస్తాడు. నేను ఆగమంటే ఆగక తప్పని మనిషి ఒకరున్నారంటే, ఆ మనిషి ముందు ధనవంతురాలిని నేనే. అంతకంటే మంచి కొలత నాకు దొరకలేదు.

అలాగైతే అందరూ అన్నీ అమ్మేయాలా?

ఈ ప్రశ్న అడక్కుండా ముందుకు వెళ్లలేను. అమ్మినవాళ్లు ఉన్నారు. క్లెమెంట్ రాసిన సుమారు 70 ఏళ్లకి, అదే ఐగుప్తులో (ఈజిప్టులో) ఆంథోనీ అనే యువకుడు గుడిలో అడుగుపెట్టేసరికి ఈ వాక్యమే చదువుతున్నారు. తననే అన్నట్టు అనిపించి, తల్లిదండ్రుల నుంచి వచ్చిన మంచి పొలం మొత్తం ఊళ్లోవాళ్లకి ఇచ్చేశాడు. మిగతా సొత్తు అమ్మి బీదలకి పంచాడు. చెల్లెలి కోసం కొంచెం ఉంచాడు. తర్వాత మరొకరోజు రేపటి గురించి చింతించవద్దనే మాట విని అదీ ఇచ్చేసి, ఆమెని దేవుడికి అంకితమైన కన్యల దగ్గర అప్పగించి వెళ్లిపోయాడు. ఈ వివరాలు రాసింది అలెగ్జాండ్రియా బిషప్ అతనసియస్.

ఆంథోనీ అంటే నాకు గౌరవం. అతనిది వంకలు వెతకని చెవి. కానీ చదివిన ప్రతిసారీ నా మనసు ఆ చెల్లెలి దగ్గర ఆగుతుంది. ఆమెని ఎవరైనా అడిగారా? ఒకరు పూర్తిగా విధేయులవడానికి ఇంట్లో ఇంకొకరి భద్రత ఖర్చవ్వడం నాకు మింగుడుపడదు. అపొస్తలుల కార్యములు 5లో పేతురు, పొలం అమ్మి వెలలో కొంత దాచుకున్న అననీయతో, పొలం నీ దగ్గరున్నప్పుడు నీదే కదా, అమ్మాక కూడా నీ వశమే కదా అంటాడు. అమ్మకపోవడం కాదు, అబద్ధమాడటం అక్కడ నేరం. కాబట్టి అందరికీ ఒకే లెక్క అని నేను అనను. అయితే "అది ఆ ఒక్కడికే చెప్పాడు" అనేది కూడా నిలవదు. అమ్మమన్నది ఆ ఒక్కడిని. ఒంటె మాట మాత్రం అతను వెళ్లిపోయాక, ధనవంతుడు అని అందరికీ వర్తించేలా అన్నాడు.

బీదవాళ్లకి డబ్బాశ ఉండదా, అబ్రాహాము ధనవంతుడు కాడా, యోబుకి చివర్లో రెండంతలు రాలేదా అని కూడా అడుగుతారు. అడగాల్సిందే. శిష్యులు అంతగా ఆశ్చర్యపోయింది కూడా అందుకే. ద్వితీయోపదేశకాండము 28 చదివి పెరిగినవాళ్లకి ఆస్తి అంటే దేవుడి ఆశీర్వాదం. ఆశీర్వాదం పొందినవాడే లోపలికి వెళ్లలేకపోతే ఇంక మన గతేమిటి అని వాళ్ల భయం. యేసు ఆ భయాన్ని తీసేయలేదు. ఐశ్వర్యమే దీవెన అని ఇవాళ చెప్పే ప్రసంగాలు మనల్ని మళ్లీ ఆ ఒంటె మాటకి ముందు రోజుకి తీసుకెళ్లి నిలబెడుతున్నాయి.

సాధ్యమైన రోజు ఎలా ఉంది

"మనుష్యులకు అసాధ్యమే గాని దేవునికి సమస్తమును సాధ్యము" అన్న మాటని ఇన్నాళ్లూ ఒక మినహాయింపులా వాడుకున్నాం. దేవుడికి సాధ్యం కాబట్టి మన సంగతి ఆయన చూసుకుంటాడులే అని. లూకా మాత్రం ఆ మాట 18వ అధ్యాయంలో రాసి, 19వ అధ్యాయం మొదట్లోనే ఒక ధనవంతుణ్ణి చూపిస్తాడు. సుంకపు గుత్తదారుడు జక్కయ్య. "నా ఆస్తిలో సగము బీదలకిచ్చుచున్నాను" అన్నాడు, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. అప్పుడు యేసు "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్నాడు.

సగం ఇచ్చాక జక్కయ్య దగ్గర ఇంకా ఏదో మిగిలే ఉంటుంది. యేసు దాని గురించి అడగలేదు. ఇది నాకు కొంత ధైర్యం. కానీ జక్కయ్య నా మనసు మారింది ప్రభువా అనలేదు. అంకెలు చెప్పాడు, సగం, నాలుగంతలు. ఎవరెవరికి వెళ్లాలో చెప్పాడు. బీదలకి వేరుగా, మోసపోయినవాళ్లకి వేరుగా. రెండోది దానం కాదు, బాకీ. ఒంటె సూదిబెజ్జంలో దూరిన రోజు ఎలా ఉంటుందంటే ఇలా ఉంటుందని లూకా చూపిస్తున్నాడని నా నమ్మకం. ఆ ఊళ్లో కొందరి చేతుల్లోకి ఆ రోజు నిజంగా డబ్బు తిరిగొచ్చి ఉంటుంది.

అమ్మ పోయాక ఆ అక్క వేరే చోటికి మారింది. ఆమె కట్టిన వడ్డీ ఎంతో అడిగి తెలుసుకుని పంపడానికి నాకు చాలాకాలం పట్టింది. మొదట వద్దంది, తర్వాత తీసుకుంది. క్షమించానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు.

మొన్న ఆ అబ్బాయికి నేనే ఫోన్ చేశాను. గుమ్మం లేదు నాన్నా, నేను తెలియక చెప్పాను, తెలిశాక కూడా నీకు చెప్పలేదు, నన్ను క్షమించు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "అంటే ఇప్పుడు నేనేం చేయాలి టీచర్?" అన్నాడు. నీ దగ్గర పనిచేసేవాళ్లకి రావలసింది ఎంతో ముందు చూద్దామా, ఆ తర్వాత జక్కయ్య అధ్యాయం కలిసి చదువుదామా అన్నాను. మళ్లీ మౌనం. "మీరు ముందు చెప్పిందే బాగుంది టీచర్" అన్నాడు. గొంతులో కోపం లేదు, దిగులుంది. ఎవరో పిలుస్తున్నారని పెట్టేశాడు.

ధనవంతుడు వెళ్లిపోకముందు యేసు "అతని చూచి అతని ప్రేమించి" ఆ మాట అన్నాడని మార్కు రాశాడు. నేను ఆ అబ్బాయితో సరిగ్గా మాట్లాడానో లేదో తెలియదు. వచ్చే ఆదివారం మళ్లీ ఫోన్ చేస్తాను.